మన గుంపు వదిలిన బెట్టుడుత

అడవి నడిమధ్యన రోడ్డు పడింది. అంతకుముందు అది ఒకటే అడవి. ఆ తర్వాత తూర్పడవి, పడమటడవి అని రెండయింది. కొమ్మా కొమ్మా కలిసి పందిరిలా ఉన్నచోట ఆకాశం బోడిగా కనబడసాగింది. నేల మీద నడిచేవాళ్ళకు లారీల భయం పట్టుకుంది. చెట్ల మీద బతికేవాళ్ళకు అసలు దారే లేకుండా పోయింది.

ఎర్రక్క చెట్ల మీద బతికేది. ఆమె బెట్టుడుత. మామూలు ఉడుతకు నాలుగింతలుండే ఒళ్ళు, ఒంటికన్నా పొడుగు తోక, తుప్పు రంగు వీపు. బెట్టుడుతలు పుట్టింది మొదలు కొమ్మల మీదే తిరుగుతాయి. కొమ్మ అందనంత ఎడం వస్తే అక్కడే ఆగిపోతాయి. రోడ్డు పడ్డ ఏడు ఎర్రక్క తూర్పున ఆగిపోయింది. ఆమె చెల్లెలు బంగారి పడమట ఆగిపోయింది. ఇద్దరికీ ఒకరికొకరు తప్ప ఇంకెవరూ లేరు.

రోడ్డు పనివాళ్ళు క్యాంపు ఎత్తేసేటప్పుడు పాత కంప్యూటర్లు, సోలార్ పలకలు గుట్టగా పారేసి వెళ్ళారు. జంతువులు తలా ఒకటి మోసుకెళ్ళాయి. రోడ్డు పక్కన సెల్ టవరు ఉండనే ఉంది. అయితే ఆ పెట్టెలతో ఏం చెయ్యాలో ఎవరికీ సరిగ్గా తెలియదు. తెలిసినవాడు సుంకన్న ఒక్కడే.

సుంకన్న నక్క. రోడ్డు కింద వాననీళ్ళు పోవటానికి వేసిన తూములో కాపురం పెట్టాడు. తూముకు ఒక మూతి తూర్పుకు, ఇంకో మూతి పడమరకు. నక్క ఉన్న బొరియలోకి ఎవరు దూరతారు? కాబట్టి రెండు అడవులకూ రాకపోకలున్నది అతనొక్కడికే. ఆ సుంకన్న ఒకరోజు అందరినీ పిలిచి, విడిపోయినవాళ్ళను కలపటానికి తానొక ప్రోగ్రాం తయారు చేశానన్నాడు. పేరు 'మన గుంపు'. అందులో ఉత్తరాలు రాసుకోవచ్చు, మాట్లాడుకోవచ్చు, బొమ్మలు పంపుకోవచ్చు, అన్నీ దాచుకోవచ్చు. ఎవరూ ఏమీ ఇవ్వక్కర్లేదు. దాచుకున్నవన్నీ తన తూములోని పెట్టెలో భద్రంగా ఉంటాయని చెప్పాడు. దుప్పులు చేరాయి, ఎలుగులు చేరాయి, కొండముచ్చులు చేరాయి. ఎర్రక్క అందరికన్నా ముందు చేరింది.

ఆ రోజు నుంచి ఆమెకు చెల్లెలి గొంతుతో తెల్లవారేది. పెద్ద కబుర్లేమీ కావు. ఈసారి మామిడి పూత ఆలస్యమైందనీ, పక్క చెట్టు మీద కొండముచ్చులు రాత్రంతా పోట్లాడుకున్నాయనీ, గూటిలో ఆకులు మార్చాననీ చెప్పేది. మాట్లాడుతూ మధ్యలో ఏదో ఒకటి నములుతూ ఉండేది. ఆ నములుడు చప్పుడు కూడా ఎర్రక్క శ్రద్ధగా వినేది.

వాన వెలిసిన రోజుల్లో బంగారి ఇద్దరు పిల్లల్ని కన్నది. ఎర్రక్కకు నిలవలేనంత సంతోషం, దాని వెంటే భయం. గూడు ఏ చెట్టు మీద, ఏ పంగలో, గద్దకు కనబడకుండా ఉందా అని గుచ్చి గుచ్చి అడిగింది. బంగారి అన్నీ వివరంగా చెప్పింది. వాగు మలుపు దగ్గరి ఏగిస చెట్టు. పై పంగలో, లోపలివైపు. తాను మధ్యాహ్నం మేతకు వెళ్ళినప్పుడు మాత్రం పిల్లలు ఒంటరిగా ఉంటారు.

కొద్దిరోజులకే గద్ద ఒక పిల్లను ఎత్తుకుపోయింది.

ఆ పొద్దు బంగారి ఏడవలేదు. ఒకటే మాట మళ్ళీ మళ్ళీ చెప్పింది. "అక్కా, అది తిన్నగా వచ్చింది. వెతకలేదు. ఇల్లు తెలిసినదానిలా వచ్చింది."

మర్నాడు సుంకన్న ఎర్రక్క చెట్టు కిందికి వచ్చి పలకరించాడు. చాలా బాధగా ముఖం పెట్టాడు. లోపలివైపు గూడు కట్టుకున్నా ఆ పసిదానికి ప్రాణం దక్కలేదే అని నిట్టూర్చాడు. ఎర్రక్క ఆ 'లోపలివైపు' అన్న మాట పట్టుకుంది. గూడు లోపలివైపు ఉందని ఆమె ఎవరికీ చెప్పలేదు. చెప్పింది చెల్లెలు, విన్నది తాను. ఆ మాట నడిచి వెళ్ళింది 'మన గుంపు'లోంచి.

ఆమె పైకి ఏమీ తేలనివ్వకుండా, 'మన గుంపు' లోపల ఎలా పనిచేస్తుందో చూపించమని అడిగింది. సుంకన్నకు నవ్వొచ్చింది.

"ఊరికే ఇచ్చినదానికి ఇన్ని ప్రశ్నలా తల్లీ? లోపలి సంగతి నా ఇంటి సంగతి. నువ్వు మాట్లాడుకో, చాలు."

అతను వెళ్ళాక ఎర్రక్కకు ఒకటి గుర్తొచ్చింది. సుంకన్న, గద్ద వాగు ఒడ్డున ఎదురెదురుగా కూర్చుని ఉండటం ఆమె ఇంతకుముందు చూసింది. గద్ద పైన తిని, కింద కొంత జారవిడిచేది. నక్క అది ఏరుకుని తినేది. అప్పుడది ఆమెకు వింతగా కూడా అనిపించలేదు.

ఎర్రక్క ఉండే మద్దిచెట్టు వేళ్ళ మధ్య బొరియలో మద్దిలేటి అనే ముళ్ళపంది ఉండేవాడు. అతను 'మన గుంపు'లో లేడు. ఎందుకు లేడని ఎవరూ అడగలేదు, ముళ్ళపందితో ఎవరికి పని? ముళ్ళు గుచ్చుకుంటాయని పిల్లల్ని అటు పోనిచ్చేవాళ్ళు కారు. పైగా అతనికి మాట్లాడటం సరిగ్గా రాదు. ఒకటి అడిగితే పది చెప్పి, ఎదుటివాళ్ళు విసుక్కోగానే ముడుచుకునేవాడు. ఎర్రక్క కూడా ఆ చెట్టు మీద అన్నేళ్ళున్నా అతన్ని ఎప్పుడూ పలకరించలేదు. ఆ రోజు మొదటిసారి కింది కొమ్మదాకా దిగి, నీ కంప్యూటర్లో ఏం వాడతావని అడిగింది.

మద్దిలేటి మొదట నమ్మలేదు. తర్వాత చెప్పటం మొదలుపెట్టి ఆపలేదు. రాసుకోవటానికి ఒకటుంది, బొమ్మలు దిద్దుకోవటానికి ఒకటుంది, పాటలు వినటానికి ఒకటుంది, అసలు కంప్యూటరును నడిపించేదే వేరేదుంది. వాటిని ఎవరో ఒకరు చేయలేదు. ఎక్కడెక్కడి అడవుల్లోనో ఉన్నవాళ్ళు, ఒకరి ముఖం ఒకరు చూడనివాళ్ళు తలో చెయ్యి వేసి రాశారు. మాట్లాడుకోవటానికి కూడా ఒకటుంది, దాని పేరు 'తోవ'. అందులో పంపిన మాటకు పంపేచోటే తాళం పడుతుంది. అందుకునేవాళ్ళ దగ్గరే అది తెరుచుకుంటుంది.

అవి కూడా ఊరికే వచ్చేవేనా అని ఎర్రక్క అడిగింది. ఊరికే అన్న మాట వింటేనే ఆమెకు భయంగా ఉంది.

"ఊరికే రావటం పెద్ద సంగతి కాదు," అన్నాడు మద్దిలేటి. "సుంకన్నదీ ఊరికే వచ్చింది. వీటి లోపల ఏముందో ఎవరైనా చూడొచ్చు. నచ్చకపోతే మార్చుకోవచ్చు. ఇంకొకరికి ఇవ్వొచ్చు. తేడా అక్కడుంది."

"నువ్వు లోపలంతా చూశావా?"

అతను కాసేపు నేల గీకాడు. "లేదు. నాకంత తెలివి లేదు. కానీ తెలిసినవాళ్ళు చాలామంది చూస్తుంటారు, తప్పులు దిద్దుతుంటారు. మూసిపెట్టినదాన్ని ఎవరు చూస్తారు?"

గొప్ప చెప్పుకోకుండా ఒప్పుకున్నాడని ఎర్రక్కకు నమ్మకం కుదిరింది.

ఆమె అన్నీ ఒక్కసారిగా మార్చలేదు. ముందు రాసుకునేది మార్చింది. మీటలు వేరేచోట్ల ఉండి కొన్నాళ్ళు తడుముకుంది. తర్వాత బొమ్మలది మార్చింది. కంప్యూటరును నడిపించేదాన్ని మార్చినప్పుడు సౌండు రావటం ఆగిపోయింది. మద్దిలేటి కింద కూర్చుని అది నొక్కు, ఇది నొక్కు అని చెప్తూ దాన్ని దారికి తెచ్చాడు. 'మన గుంపు' బరువుకు మూలుగుతూ నడిచిన ఆ పాత పెట్టె ఇప్పుడు తేలికగా నడిచింది. తాను రాసుకున్నవి తన దగ్గరే ఉన్నాయి. ఎవరినీ అడక్కుండా తెరుచుకుంటున్నాయి. అన్నీ బాగానే ఉన్నాయి. మిగిలింది చెల్లెలి దగ్గరికి వెళ్ళే దారి.

ఎర్రక్క 'మన గుంపు'లోంచే బంగారికి రాసింది. సుంకన్న మన మాటలు వింటున్నాడు, ఇది వదిలేసి 'తోవ'లోకి రా అని రాసింది. పంపినట్టు చూపించింది. మర్నాడు బంగారి మామూలుగా మాట్లాడుతూ, ఏంటక్కా ఖాళీ ఉత్తరం పంపావని అడిగింది. ఎర్రక్క మళ్ళీ రాసింది. నోటితో చెప్పి చూసింది. అవతలికి మళ్ళీ ఖాళీయే చేరింది.

అప్పుడు ఆమెకు రెండే దారులు కనబడ్డాయి. 'మన గుంపు'లో ఉంటే చెల్లెలి గొంతు వినొచ్చు. కానీ తాను ఉన్నన్నాళ్ళూ బంగారి అన్నీ చెప్తూనే ఉంటుంది. గూడు ఎక్కడికి మార్చిందో, మేతకు ఎప్పుడు వెళ్తుందో, మిగిలిన ఒక్క పిల్ల ఎలా ఉందో. వినే అక్క లేకపోతే ఆమె చెప్పదు. చెప్పకపోతే గద్దకు తెలియదు.

ఆమె సుంకన్నను అడిగి, ఇన్నాళ్ళూ దాచుకున్న చెల్లెలి మాటలు తన కంప్యూటర్లోకి తెచ్చుకోవాలని చూసింది. గుంపులో ఉన్నంతవరకే అవి వినబడతాయి, బయటికి వెళ్ళేవాళ్ళకు ఇవ్వటం కుదరదన్నాడు సుంకన్న. ఎర్రక్క ఒక రోజంతా కొమ్మ దిగకుండా, మేత కూడా మాని వాటన్నిటినీ మొదటినుంచి వింది. మామిడి పూత, కొండముచ్చుల పోట్లాట, గూటి ఆకులు. చివరిది అయిపోయాక 'మన గుంపు'లోంచి తన పేరు తీసేసింది.

ఆ తర్వాత వచ్చిన నిశ్శబ్దం ఆమె అనుకున్నదానికన్నా పెద్దది.

పొద్దున లేవగానే చెయ్యి కంప్యూటరు మీదికి పోయేది. 'తోవ' తెరిచేది. అందులో ఒక్క పేరూ లేదు. అవతల బంగారి ఏమనుకుంటుందో ఊహించకుండా ఉండలేకపోయేది. బిడ్డ పోయిన కొన్నాళ్ళకే అక్క మాట మానేసింది. ఎందుకో తెలియదు. తెలియజెప్పే దారి లేదు. ఎర్రక్క రోడ్డు పక్కనున్న చివరి కొమ్మదాకా వెళ్ళి కూర్చునేది. అవతలి చెట్ల ఆకులు కూడా కనబడేవి, అంత దగ్గర. మధ్యలో లారీలు పోతూనే ఉండేవి. పిలిచినా వినబడదు.

ఇవతలివాళ్ళు కూడా మెల్లగా దూరమయ్యారు. ఎవరూ పోట్లాడలేదు. కబుర్లన్నీ 'మన గుంపు'లో నడుస్తుంటే అందులో లేనివాళ్ళను విడిగా పిలిచి చెప్పేదెవరు? చనిపోయిన జింక గురించి, పుట్టిన పిల్ల గురించి అందరికీ తెలిసి పాతబడ్డాక ఆమెకు తెలిసేది. వేసవిలో నీళ్ళు ఎక్కడ మిగిలాయో గుంపులో చెప్పుకుని మందలన్నీ అటు వెళ్ళిపోయాయి. ఎర్రక్క ఆకుల మీది మంచు నాకి, పచ్చి కాయల్లో తడి పీల్చి వేసవి గడిపింది. సుంకన్న సంగతి చెప్పి చూసింది గానీ, అందరికీ సాయం చేసినవాడి మీద ఇంత మాట అంటుందా అని చెవులు మూసుకున్నారు. లచ్చుమమ్మ అనే ముసలి దుప్పి, ఎర్రక్క తల్లిని కూడా ఎరిగినది, ఒకసారి చెట్టు కింద ఆగింది.

"అందరూ ఉన్నచోట ఉండాలే. ఒక్కదానివే వేరే దారి పట్టి ఏం బావుకున్నావు?"

ఎర్రక్కకూ అది నిజమే అనిపించింది. బావుకున్నదేమీ లేదు మరి.

ఆమె చెల్లెలికి ఉత్తరాలు రాయటం మొదలుపెట్టింది. పంపటానికి కాదు. రోజూ జరిగినవి రాసి దాచుకునేది. పైన మీటలు టకటకలాడటం కింద మద్దిలేటికి వినబడేది. అతను చాలాకాలం ఏమీ అడగలేదు. ఒకరోజు అడిగాడు, ఎవరికి రాస్తున్నావని. బంగారికి అంది. పంపే దారి లేదుగా అన్నాడు. లేదంది. మళ్ళీ మీటలు నొక్కసాగింది.

చలి మొదలైన రోజుల్లో, రోడ్డు మీద మంచు దట్టంగా దిగిన ఒక పొద్దున మద్దిలేటి బొరియలోంచి బయటికి వచ్చి ఎర్రక్కను పిలిచాడు. 'తోవ' ఎక్కించి ఉన్న పెన్‌డ్రైవ్ ఒకటి ముందు పెట్టుకున్నాడు. దాన్ని తన వీపు మీది ముళ్ళ మధ్య తీగతో కట్టమన్నాడు. అవతలికి పోయి బంగారికి ఇచ్చివస్తానన్నాడు. తూములోంచి పోతే సుంకన్న సంగతి పసిగడతాడు కాబట్టి రోడ్డు మీదుగానే పోవాలి. మంచులో లారీలు నిదానంగా పోతాయని అతని లెక్క.

ఎర్రక్క వద్దంది. ముళ్ళు చూసి నక్క భయపడుతుంది గానీ లారీ భయపడదంది. అతను వినలేదు.

"నేను ఎన్నేళ్ళుగానో ఈ తోవ వాడుతున్నాను ఎర్రక్కా," అన్నాడు. "రోజూ తెరుస్తాను. అవతల ఎవరూ ఉండరు, మూసేస్తాను. అవతల ఒకరుంటే ఇది ఎలా పనిచేస్తుందో ఒక్కసారి చూడాలనుంది."

ఆమె అన్నేళ్ళూ అతని నెత్తిన కాపురముంది. అతను రోజూ ఎవరికోసమో తెరిచి చూసుకుంటాడని ఆమెకు తెలియదు. కింది కొమ్మదాకా దిగి, ఒక తీగ తెంపి, దానితో పెన్‌డ్రైవ్ అతని ముళ్ళ మధ్య బిగించి కట్టింది. అతను మంచులోకి నడిచాడు. ముళ్ళు ఒకదానికొకటి తగిలే చప్పుడు కాసేపు వినబడింది. తర్వాత ఒక లారీ గట్టిగా బ్రేకు వేసిన చప్పుడు వినబడింది. ఆ తర్వాత ఏమీ వినబడలేదు.

ఆ రోజు గడిచింది. మర్నాడు కూడా గడిచింది. ఎర్రక్క 'తోవ' తెరిచి పెట్టుకుని కదలకుండా కూర్చుంది. మూడో పొద్దు ఎండ ఎక్కాక తెర మీద ఒక పేరు మెరిసింది.

"అక్కా, నువ్వేనా? నామీద కోపమేమో అనుకున్నాను."

ఇద్దరూ ఎంతసేపు మాట్లాడుకున్నారో వాళ్ళకే తెలియదు. మద్దిలేటి చేరాడు గానీ క్షేమంగా చేరలేదు. లారీ చక్రం అంచు తగిలి వెనక కాలు నలిగిపోయింది. ఈడ్చుకుంటూ వచ్చి బంగారి చెట్టు కింద పడ్డాడు. స్పృహ రాగానే ముందు పెన్‌డ్రైవ్ గురించే అడిగాడు. ఇక నడవటం కష్టమని చెప్పింది బంగారి. పిల్ల బాగుంది, గూడు మార్చానంది. ఎక్కడికి మార్చిందో చెప్పబోతే, తాళం ఉందని తెలిసినా ఎర్రక్క ఒక్క క్షణం ఆపబోయింది. తర్వాత విన్నది.

పడమట 'తోవ' ఒకరి నుంచి ఒకరికి పాకింది. 'మన గుంపు'లో కబుర్లు పలచబడటం సుంకన్న గమనించాడు. ఆరా తీసి ఎర్రక్క చెట్టు కిందికి వచ్చాడు. దీని లోపల ఏముందో ఎవరైనా చూడొచ్చటగదా, నేనూ చూడొచ్చా అని వినయంగా అడిగాడు. చూడొచ్చంది ఎర్రక్క. లోపల రాసినదంతా తెరిచి చూపించింది.

సుంకన్నకు ఆనందం ఆగలేదు. ఇంత తెలివితక్కువవాళ్ళు ఉంటారని అతను ఊహించలేదు. తాళం ఎలా చేశారో అందరికీ చూపించేవాళ్ళ ఇల్లు దోచటం ఎంతసేపు? చెట్టు కిందే కూర్చుని రోజుల తరబడి చదివాడు. తాళం ఎలా పడుతుందో పూర్తిగా అర్థమైంది. అది అర్థమయ్యాకే ఇంకో సంగతి కూడా అర్థమైంది. ఏ ఇద్దరు మాట్లాడుకుంటే ఆ ఇద్దరి దగ్గరే తాళంచెవులు పుడుతున్నాయి. ఎక్కడా ఒకచోట చేర్చి పెట్టటం లేదు. ఎంత చదివినా అతని చేతికి ఒక్క ఉత్తరం కూడా రాలేదు.

అప్పుడు అతను ఇంకో ఎత్తు వేశాడు. 'తోవ'ను నకలు చేసుకుని, లోపల ఒక చిన్న కన్నం పెట్టాడు. రాసిన ప్రతి మాటా తాళం పడకముందే ఒక నకలు తూములోకి చేరేలా మార్చాడు. దాన్ని అందమైన రంగులతో అలంకరించి తూర్పడవిలో పంచాడు. ఇది ఎర్రక్క వాడే 'తోవ'యే, నేను కాస్త సులువు చేశానన్నాడు. దుప్పులు, ఎలుగులు సంతోషంగా తీసుకున్నాయి.

ఎర్రక్క ఈ సంగతి మద్దిలేటికి రాసింది. అతను బదులు రాశాడు. మార్చటం తప్పు కాదు, కానీ మార్చి నలుగురికీ ఇచ్చేవాళ్ళు ఏం మార్చారో చూపించి తీరాలని దాన్ని చేసినవాళ్ళు షరతు పెట్టారు, చూపించమని అడుగు అన్నాడు. ఆమె మంద అంతా చూస్తుండగా అడిగింది. సుంకన్న నవ్వి, అవతల కుంటికాలుతో పడున్నవాడి షరతులు ఇక్కడ నడవవన్నాడు. మంద కూడా పట్టించుకోలేదు. బాగా పనిచేస్తుంటే లోపల ఎవరికి కావాలన్నారు.

ఎర్రక్క ఇక వాదించలేదు. లచ్చుమమ్మ దగ్గరికి వెళ్ళి ఒకే ఒక్క సాయం అడిగింది. నేను ఒక ఉత్తరం రాస్తాను, రాసేటప్పుడు నువ్వు పక్కన ఉండు, ఆ తర్వాత మందను తీసుకుని నేను చెప్పినచోట గడ్డిలో నిలబడు, అంతే. ముసలి దుప్పి గొణుక్కుంటూనే ఒప్పుకుంది.

లచ్చుమమ్మ కంప్యూటర్లోని సుంకన్న 'తోవ'లో ఎర్రక్క చెల్లెలికి ఇలా రాసింది. కొమ్మ విరిగి నా కాలు బెణికింది. కదలలేను. ఎండిన ఇప్పచెట్టు కింది పంగలో ఆకుల గూట్లో పడున్నాను. ఈ వైపు నాకు తోడెవరూ లేరు, నేను లేనని కూడా ఎవరూ గమనించరు.

మొదటి మూడు మాటలే అబద్ధం. రాసేటప్పుడు ఆమె వేళ్ళు ఒకచోట ఆగాయి. పక్కనున్న లచ్చుమమ్మ చివరి మాట చదివి తల పక్కకు తిప్పుకుంది. ఎర్రక్క తన అసలు 'తోవ'లో, ఈ ఉత్తరం నిజం కాదు, కంగారు పడొద్దని చెల్లెలికి ముందే చెప్పి ఉంచింది.

ఎండిన ఇప్పచెట్టు కింది పంగలో ఆకుల గూడు ఉన్నమాట నిజమే. ఎర్రక్కే కట్టింది. ఆ గూటి వెనక పెద్ద తేనెపట్టు ఉంది.

మధ్యాహ్నానికి గద్ద వచ్చింది. చక్కర్లు కొట్టలేదు, వెతకలేదు. తిన్నగా వచ్చి రెండు కాళ్ళతో గూటిని తన్ని పట్టుకుంది. కింద పొదలోంచి సుంకన్న తన వాటా కోసం మెడ సాచి చూస్తున్నాడు. గూడుతోపాటు తేనెపట్టు తెగి అతని ముఖం మీద పడింది. గద్ద అరుచుకుంటూ ఎగిరిపోయింది. నక్క కళ్ళు కనబడక, ఏ వైపు పరిగెడుతున్నాడో తెలియక గడ్డిలోకి వచ్చి మంద మధ్యలో పడ్డాడు. తేనెటీగలు అతన్ని వదల్లేదు. మంద ఒక్క అడుగు వెనక్కి వేసి చూస్తూ నిలబడింది. ఎర్రక్క కాలు బెణికి ఆ గూట్లో పడుందన్న మాట ఈ భూమ్మీద ఒక్క ఉత్తరంలోనే ఉంది, అదీ సుంకన్న ఇచ్చిన 'తోవ'లో.

లచ్చుమమ్మ ముందుకు వచ్చింది. "పోయిన వేసవిలో నా కూనను ఏ గడ్డిలో పడుకోబెట్టానో మా అక్కకు రాశాను," అంది. "తర్వాత వీడే వచ్చి నన్ను ఓదార్చాడు."

ఆ రోజే 'మన గుంపు' ఖాళీ అయింది. సుంకన్న ఇచ్చిన రంగుల 'తోవ'ను కూడా తీసిపారేశారు. ఎలుగులు తూము మూతి దగ్గర కాపలా కూర్చోవటంతో సుంకన్న రాళ్ళగుట్టల్లోకి మకాం మార్చాడు. తూము దారి అందరిదీ అయింది. దుప్పులు అందులోంచి నడిచి అవతలి చుట్టాలను కళ్ళారా చూసుకున్నాయి. మద్దిలేటి మాత్రం తిరిగి రాలేకపోయాడు. అంత దూరం ఈడ్చుకు రావటానికి కాలు సహకరించలేదు. బంగారి చెట్టు కిందే ఉండిపోయాడు. అతని ఉత్తరాల్లో ఎక్కువగా 'తోవ'లో దిద్దాల్సిన తప్పులే ఉండేవి. ఒకసారి మాత్రం, నా బొరియలో వాననీళ్ళు చేరాయా అని అడిగాడు. అప్పటికే అందులో ముంగిసలు కాపురం పెట్టాయి. లేదు, పొడిగా ఉందని రాసింది ఎర్రక్క.

ఆమె చెట్టు కిందికి ఇప్పుడు రోజూ ఎవరో ఒకరు వచ్చేవారు. సౌండు రావట్లేదనో, రాసినది కనబడట్లేదనో అడిగేవారు. మద్దిలేటి దగ్గర నేర్చుకున్నది చెప్పేది. పని అయ్యాక వెళ్ళిపోయేవారు. పొద్దున్నే చెల్లెలి గొంతు ఉండేది. సాయంత్రాలు మాత్రం చెట్టు కింద ఖాళీగా ఉండేది. కిందినుంచి ఒకటి అడిగితే పది చెప్పే గొంతు లేదు.

రాళ్ళగుట్టల్లో సుంకన్న రోజూ 'మన గుంపు' తెరిచేవాడు. అందులో ఒక్కటే పేరుండేది, అతనిది. గద్ద ముఖం చాటేసింది. వినటానికి మాటలు లేవు, చెప్పటానికి ఎవరూ లేరు. ముఖం వాపు తగ్గకుండానే ఒకనాడు ఎర్రక్క చెట్టు దగ్గరికి వచ్చి, దూరంగా నిలబడి, ఆ అసలు 'తోవ' తనకు కూడా ఇస్తుందా అని అడిగాడు. పొమ్మంటుందనుకున్నాడు. కానీ దాన్ని చేసినవాళ్ళు ఫలానావాళ్ళకు ఇవ్వకూడదని ఎక్కడా రాయలేదు. ఎర్రక్క ఇచ్చింది, ఎలా ఎక్కించుకోవాలో కూడా చెప్పింది. అతను అక్కడే కూర్చుని ఎక్కించుకుని తెరిచాడు. పేర్లు ఉండాల్సినచోట తెల్లగా ఉంది.

"ఇందులో నాతో ఎవరు మాట్లాడతారు?" అన్నాడు.

"మాట్లాడేవాళ్ళను 'తోవ' ఇవ్వలేదు సుంకన్నా," అంది ఎర్రక్క. ఆ తెల్లటి తెర ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. నక్క కంప్యూటరు మూసుకుని, వచ్చిన దారినే గుట్టల్లోకి వెళ్ళిపోయాడు.

లోపలికి తొంగిచూడనివ్వని ఇంట్లో మన మాటను దాచుకోకూడదు.